ఇస్త్రీ చేయని మేనేజరు

నెమలికి తోక కుట్టేముందు దేవుడు మా అమ్మమ్మని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ తోక అలా నేలమీద ఈడ్చుకుంటూ పోయేది కాదు. చీలమండ దాకా కత్తిరించి, అంచు మడిచి, లోపలివైపు సన్నటి కుట్టు వేసి ఇచ్చేది. నెమలి హాయిగా పరిగెత్తేది. జీబ్రాకి చారలు పొట్ట దగ్గర సరిగ్గా కలవలేదని ఆమె ఇప్పటికీ అంటూనే ఉంటుంది. అతుకు దగ్గర చార చారతో కలవాలన్న సంగతి తెలియనివాళ్ళు గుడ్డ ముట్టుకోకూడదట. అప్పటికి ఆమె ఇంకా పుట్టలేదు కాబట్టి ఆయన తప్పేమీ లేదని సరిపెట్టుకోవాలి.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను, దాని వెనక బట్ట కత్తిరించే బల్ల, బల్ల చివర ఇస్త్రీపెట్టె, మూలన ముక్కాలి పీట మీద తాతయ్య. తాతయ్య పని కాజాలు, గుండీలు, హుక్కులు, ఇస్త్రీ. మాట్లాడటం ఆయన పనుల్లో లేదు. పెదాల మధ్య ఎప్పుడూ ఒక సూది ఉంటుంది. మాట బయటికి రావాలంటే ముందు సూది బయటికి రావాలి. అంత శ్రమపడి అన్న మాట కాబట్టి ఇంట్లో అందరూ వింటారు, అమ్మమ్మ తప్ప.

ఆ దుకాణానికి ఒకటే చట్టం. దారప్పోగులు తుంచకుండా, ఇస్త్రీ చేయకుండా ఏదీ గడప దాటకూడదు. ప్యాంటుకి జిప్పు మార్చినా సరే, దిండు గలీబు చిరుగుకి కుట్టు వేసినా సరే, తీరుగా మడత పెట్టి, దానిమీద అరచేత్తో ఒక్కసారి తట్టి మరీ ఇస్తుంది. చట్టం బట్టలతో ఆగలేదు. మనవలు బడికి బయల్దేరితే కాలర్లు సర్ది, చెవుల వెనక తడిగుడ్డతో తుడిచి, పోగులేమైనా వేలాడుతున్నాయేమోనని బొంగరంలా తిప్పి చూసేది. చెత్త సంచి మూతికి కూడా రిబ్బను ముడి వేసి పంపుతుంది. చెత్తబండి అబ్బాయి మొదట్లో ఎవరిదో పుట్టినరోజు బహుమతి పొరపాటున పడేశారేమోనని వెనక్కి తెచ్చి ఇచ్చాడు.

ఒకసారి మోకాళ్ళ నొప్పి భరించలేక ఆమెని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి, మంచి బట్టలు కట్టుకుని, డాక్టరు గది గుమ్మం దాటగానే కవాతులో సిపాయిలా అడుగులు వేసింది. ఎక్కడ నొప్పి అని ఆయన అడిగితే, పెద్దగా ఎక్కడా లేదండీ, ఏదో ఇలా వచ్చాం అంది. విటమిను బిళ్ళలు తెచ్చుకుంది. ఇంటికి రాగానే మళ్ళీ గోడ పట్టుకుంది.

ఇక మేనేజరు సంగతి. మేనేజరు అంటే చిలక. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్రటి ముక్కు, కత్తిరిద్దామని సుద్దముక్కతో గీసి ఆ తర్వాత ఎవరో మరిచిపోయినట్టు మెడ చుట్టూ ఒక గులాబీరంగు గీత. ఏ ఇంటి పంజరంలోంచి తప్పించుకొచ్చాడో తెలియదు. ఏళ్ళ క్రితం ఒక వాన పూట కిటికీలోంచి తడిసి ముద్దయి వచ్చి మిషను తలమీద వాలాడు. అమ్మమ్మ అప్పుడే చొక్కా చేతికి కుట్టు ముగించి కత్తెర కోసం తడుముకుంటోంది. వాడు కిందికి వంగి, వేలాడుతున్న పోగుని మొదట్లో టక్కున కొరికేశాడు. బట్టకి గాటు కూడా పడలేదు. అమ్మమ్మ కుట్టు చూసింది, వాణ్ణి చూసింది, అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేసింది. తర్వాత చుట్టుపక్కల ఎంతమందిని అడిగినా మా చిలకేనంటూ ఎవరూ రాలేదు.

అప్పట్నుంచి వాడి హోదా పెరుగుతూనే వచ్చింది. పంజరం ఉంది గానీ దాని తలుపుకి గడియ లేదు. అది వాడి పడకగది. పగలంతా మిషను పక్కన తాతయ్య బిగించిన కర్రమీద కూర్చుంటాడు. కుట్టడం అయిపోయిన బట్టని అమ్మమ్మ వాడి ముందు పట్టుకుంటే పోగులు తుంచిపెడతాడు. గుండీలంటే మాత్రం మహా పిచ్చి. తాతయ్య కుట్టిన గుండీని మేనేజరు పట్టుకుని పీకాలి, అది ఊడకూడదు. ఆ దుకాణంలో గుండీకి అదే పరీక్ష. తప్పిన గుండీలు గదిలో ఏ మూల దొరుకుతాయో చెప్పలేం.

వచ్చినవాళ్ళందరితో వాడు అనే మాట ఒకటే. "ఎల్లుండి రండి." ఎక్కడ నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు. ఆ వీధిలో బట్టలు కుట్టించుకున్న ప్రతి ఒక్కరికీ ఆ మాట ముందు ఎవరి నోట విన్నారో తెలుసు. అమ్మమ్మకి మాత్రం ఇది గొప్ప వెసులుబాటు అయింది. ఇంకా కత్తిరించనైనా కత్తిరించని గుడ్డ కోసం ఎవరైనా వస్తే, ఆమె తల వంచుకుని మిషను తొక్కుతుంది. అబద్ధం మేనేజరు ఆడతాడు.

ఒక చలికాలం ఉదయం ఎదురింటి టీచరమ్మ తన కోటు కోసం వచ్చింది. మేనేజరు ఏమీ అనలేదు. ఆ మాట వినకుండా ఆ గుమ్మం దిగడం అలవాటు లేక ఆమె కాసేపు అలాగే నిలబడింది.

"ఏంటి టైలరమ్మా, కోటు నిజంగానే అయిపోయిందా?"

అమ్మమ్మ అప్పుడు తల ఎత్తి చూసింది.

మేనేజరు కర్రమీద దూది కుక్కిన దిండులా ఉబ్బిపోయి ఉన్నాడు. ఎప్పుడూ ఒంటికాలి మీద దర్జాగా కునుకు తీసేవాడు, రెండు కాళ్ళూ ఆనించి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా తోక మిషను సూదిలా కిందికీ మీదికీ ఆడుతోంది. పొద్దుతిరుగుడు గింజలు గిన్నెలో పోసినవి పోసినట్టే ఉన్నాయి. పంజరంలో పరిచిన కాగితం మీద రెట్ట ఎప్పటిలా గట్టిగా, మధ్యలో తెల్లగా లేదు, నీళ్ళలో పచ్చరంగు కలిపి ఒలకబోసినట్టుంది. అమ్మమ్మ చేతిలో ఉన్న చొక్కా ఎత్తి వాడికి పోగు చూపించింది. వాడు పోగు వైపు చూశాడు, కళ్ళు మూసుకున్నాడు.

మిషను ఆగిపోయింది.  తాతయ్య సూది తీసి, బజారు చివర జంతువుల ఆసుపత్రి ఉంది కదా, తీసుకెళదాం అన్నాడు. ఈ ఒక్క మాట ఆమె విన్నది.

జబ్బు చేసినవాణ్ణి జబ్బు చేసినట్టే తీసుకెళ్ళే ఇళ్ళు లోకంలో ఉంటాయేమో. ఈ ఇంట్లో కుదరదు. అమ్మమ్మ పంజరం సబ్బుపెట్టి తోమి ఆరబెట్టింది. పచ్చటి మరకల కాగితం పారేసి, తెల్లటిది కొలిచి కత్తిరించి, మూలలు మడిచి పరిచింది. తినకుండా వదిలేసిన గింజలు తీసేసి, కొత్తవి సగం గిన్నె మాత్రం పోసింది. తింటున్నవాడిలా కనపడాలి కదా. మేనేజరు ముక్కు తడిగుడ్డతో తుడిచి, ఈకలు వేళ్ళతో దువ్వింది. ఆఖరికి పూలగుడ్డతో పంజరానికి కుచ్చుల ముసుగొకటి కుట్టి తొడిగింది. తాతయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. సూది తీస్తే ఏదో ఒకటి అనాల్సి వస్తుందని తీయలేదు.

ఆసుపత్రి ముందుగదిలో బెంచీల మీద మనుషులు, వాళ్ళ కాళ్ళ దగ్గర కుక్కలు, బుట్టల్లో పిల్లులు. ఒక పెద్ద కుక్క కుచ్చుల ముసుగు దాకా మూతి చాపి గట్టిగా వాసన పీల్చింది. ముసుగు లోపల ఏదో జరిగింది. లోపలి గదిలో బల్లమీద పంజరం పెట్టి అమ్మమ్మ ముసుగు తీసేసరికి, పొద్దున దిండులా ఉన్నవాడు పెన్సిలులా నిలబడి ఉన్నాడు. ఒక్క ఈక లేచి లేదు. మెడ సాగదీసి, కనుపాపలు చిన్నవీ పెద్దవీ చేస్తూ, డాక్టరమ్మని తలనుంచి కాళ్ళదాకా కొలిచాడు.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. చేతులనిండా పాత గాట్లు, మెడలో గుండె చప్పుడు వినే గొట్టం. తెల్లకోటు జేబు ఒక పక్క ఊడి వేలాడుతోంది. అమ్మమ్మ చూపు ముందు ఆ జేబు మీద పడింది, తర్వాతే మొహం మీద పడింది.

"ఎలా ఉన్నావు నాన్నా?" అంటూ డాక్టరమ్మ పంజరం దగ్గర వంగింది.

"ఎల్లుండి రండి," అన్నాడు మేనేజరు.

పొద్దుటినుంచీ నోరు విప్పనివాడు. అమ్మమ్మకి సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. డాక్టరమ్మ నవ్వి, తింటున్నాడా అని అడిగింది. బాగానే తింటాడండీ అని అమ్మమ్మ నోటికి తన్నుకుంటూ వచ్చేసింది. నిద్ర? అదీ బాగానే. రెట్ట ఎలా ఉంది? అమ్మమ్మ తెల్లటి కాగితం వైపు చెయ్యి చూపించింది. తన చేతిమీదుగా వచ్చినదానికి కుట్టు వదులైందని ఏ టైలరు నోరు తెరిచి చెప్తుంది? మరి ఎందుకు తెచ్చారు అని డాక్టరమ్మ అడిగితే, ఏదో ఇలా వచ్చాం అంది. తాతయ్య పైకప్పు వైపు చూశాడు.

అయినా ఒకసారి ఛాతీ విందామని డాక్టరమ్మ ఒక తువ్వాలు తీసుకుని వాడి మీద వేసి పట్టుకోబోయింది. మేనేజరు ఆ దుకాణంలో ఎవరూ ఎన్నడూ విననంత కర్ణకఠోరంగా అరిచి, మెడ వెనక్కి తిప్పి ఆమె బొటనవేలు దొరకబుచ్చుకున్నాడు. గుండీలని పరీక్షించే పట్టు అది. ఆమె వెంటనే తువ్వాలు వదిలేసింది. భయపడ్డ పక్షిని బలవంతంగా పట్టుకుంటే జబ్బు కంటే ఆ భయమే ఎక్కువ చేటు చేస్తుందని చెప్పింది. వేలికి దూది చుట్టుకుంటూ ఆ తువ్వాలు అమ్మమ్మ చేతికిచ్చింది. దీన్ని ఇంట్లో వాడి కర్ర పక్కన పడేసి ఉంచమంది, దానిమీద గింజలు పెట్టమంది, వాడికి దానితో కాస్త స్నేహం కుదిరాక మళ్ళీ రమ్మంది.

ఇంటికొచ్చి పంజరం దించేసరికి మేనేజరు మళ్ళీ దిండు అయ్యాడు. అమ్మమ్మ తువ్వాలు విప్పి చూసింది. అంచులు పీచులు పీచులుగా ఊడిపోయి ఉన్నాయి. పాపం, చదువుకున్న పిల్లే గానీ అంచు మడిచి కుట్టుకోవడానికి తీరిక లేదంది. గింజల సంగతీ స్నేహం సంగతీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. గుడ్డతో పట్టుకోవాలంటే గుడ్డ ఒంటికి కుదరాలి గానీ, ఈ మీద పడేయడమేమిటి, పెనుగులాటేమిటి? కొలత తీసి కుడితే గొడవే ఉండదు కదా.

మేనేజరుకి కొలత తీయడం తేలికే. బట్టలు కుట్టించుకునేవాళ్ళని ఏళ్ళ తరబడి చూశాడు కాబట్టి, టేపు కనపడితే తనకి తానే రెక్కలు కాస్త ఎత్తి నిలబడతాడు. ఆ రోజూ ఎత్తాడు. సగం వరకే లేచాయి, మళ్ళీ వాలిపోయాయి. అమ్మమ్మ గబగబా కొలత తీసి టేపు పక్కన పెట్టింది. ముక్కు చీది, డాక్టరమ్మ తువ్వాలు అందుకుంది.

దాన్ని కత్తిరించకుండా మడతలు పెట్టి కుడితే, అలా తయారైంది చిలక జాకెట్టు. ఛాతీకి అతికినట్టు ఉంటుంది, రెక్కలు కదలవు. గుండీలు పెడితే పీకేస్తాడని వీపు మీద హుక్కులు. మెడ దగ్గర చిన్న కాలరు. కాలరు ఎందుకే అని తాతయ్య సూది తీసి మరీ అడిగాడు. కాలరు లేకపోతే చూడటానికి ఏం బాగుంటుందని ఆమె అడిగింది.

మర్నాడు అమ్మమ్మ పంజరం మళ్ళీ తోమి, కాగితం మళ్ళీ మార్చి, జాకెట్టు వేసిన మేనేజరుని డాక్టరమ్మ బల్లమీద పెట్టింది. అంత గొప్ప ఫిట్టింగు ఆమెకి జీవితంలో అంతకుముందు కుదరలేదు, ఆ తర్వాతా కుదరలేదు. ఎక్కడా ఒక్క ముడత లేదు. డాక్టరమ్మ చూడగానే ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మేనేజరు ముక్కు తెరిచి ఉంది. ఆమె గబగబా హుక్కులు తీసేసి జాకెట్టు లాగేసింది.

మనుషుల్లా చిలకకి ఊపిరి లాగే కండరం లోపల వేరే ఉండదని ఆమె చెప్పింది. ఛాతీ లేచి పడితేనే వాడికి గాలి. ఛాతీని బిగించడమంటే గొంతు నులమడమే. పట్టుకునేటప్పుడు కూడా మెడా రెక్కలూ పట్టుకోవాలి, ఛాతీ మీద వేలు కూడా ఆనకూడదు. అందుకే తువ్వాలు, అందుకే వదులు.

అమ్మమ్మ కుర్చీలో కూలబడింది. వదులుగా కుట్టావని ఆమెని ఎవరూ ఎప్పుడూ అనలేదు. బిగువు తప్పు అని కూడా ఎవరూ అనలేదు.

మేనేజరు ముక్కు మూసుకున్నాడు, ఒళ్ళు కూడగట్టుకున్నాడు, మళ్ళీ పెన్సిలు అయ్యాడు. డాక్టరమ్మ వాడి వైపు చూసింది, మచ్చలేని కాగితం వైపు చూసింది, తాతయ్య వైపు తిరిగింది. ఆ రోజు తాతయ్య నోట్లో సూది లేదు. మరిచిపోయి వచ్చాడో, కావాలనే తీసి పెట్టి వచ్చాడో ఆయన ఇప్పటికీ చెప్పడు. దిండు, రెండు కాళ్ళు, తోక ఆడటం, పచ్చటి రెట్ట, పారబోసిన గింజలు, ఏడాదికి సరిపడా మాటలన్నీ ఒకేసారి చెప్పేశాడు.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని అమ్మమ్మ ఎదురుగా కూర్చుంది. నీరసంగా కనపడ్డ పక్షిని వేటాడే జంతువు ముందు ఎత్తుకుపోతుందట. అందుకని కొత్తవాళ్ళ ముందు, కుక్కల వాసన తగిలినచోట, అవి ఉన్న బలమంతా కూడదీసుకుని బాగున్నట్టే నిలబడతాయట. ఆ నటన ఇంక చేయలేని రోజు వచ్చేసరికి మందు వేసీ లాభం ఉండదట.

"వాడు దాస్తున్నాడంటే ప్రాణభయం. మీరెందుకు దాస్తున్నారమ్మా?"

అమ్మమ్మ జాకెట్టు కాలరు నలుపుతూ కూర్చుంది. "అంత మురికిగా వీధిలో ఎలా తెస్తానమ్మా, అందరూ చూస్తారు," అంది. తనకే వినపడనంత చిన్నగా అంది.

జాకెట్టుతో వాడు అలసిపోయాడనీ, ఈ పూట ఇంక ముట్టుకోననీ, పంజరం పక్కన వెచ్చగా ఒక బల్బు పెట్టి ఉంచమనీ డాక్టరమ్మ చెప్పింది. గుమ్మం దాకా వచ్చి మిగతాది చెప్పింది.

"రేపు పొద్దున్నే కడగకుండా తీసుకురండి. కాగితం మార్చొద్దు, ముక్కు తుడవొద్దు. కూర్చుని చేసుకునే పని ఏదైనా తెచ్చుకోండి. ఇంకోసారి ఇలా ముస్తాబు చేసి తెచ్చారంటే, ఆ తర్వాత తేవడానికి వాడు ఉండడు."

మర్నాడు పొద్దున అమ్మమ్మ పంజరం ముందు నిలబడింది. కాగితం నిండా పచ్చటి మరకలు. ఊచలకి ఎండిన పొట్టు. మేనేజరు మెడ దగ్గర ఈకలు నిద్రలేచిన పిల్లాడి జుట్టులా ఉన్నాయి. ఆమె చెయ్యి దానంతట అది తడిగుడ్డ కోసం వెళ్ళింది. గుడ్డ లేదు. సబ్బు కోసం వెళ్ళింది. సబ్బు లేదు. చూస్తే తాతయ్య బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని ఉన్నాడు. లోపల ఏమేం ఉన్నాయో అడగాల్సిన పని లేదు. ఆమె కాసేపు ఆయన్ని, కాసేపు మేనేజరుని చూసి, కుచ్చుల ముసుగు మాత్రం అందుకుంది. వాడికి ఎదురుగాలి కొట్టకుండా, అంతే, అని తనే సంజాయిషీ చెప్పుకుంది.

బజారు మలుపులో అద్దాల తలుపుల టైలరింగు షాపు ఒకటి ఉంది. దాని ఓనరు ఒకప్పుడు అమ్మమ్మ దగ్గరే పని నేర్చుకున్నవాడు. పోగులు తుంచకుండా బట్ట మడిచేస్తాడని రోజూ చీవాట్లు తిన్నవాడు. ఆ పూట షట్టరు తీస్తూ తిరిగి చూశాడు. సరిగ్గా అప్పుడే గాలికి ముసుగు పైకి లేచి పంజరం అంతా బయటపడింది.

"ఏం టైలరమ్మా, చట్టం మార్చేశావా? మేనేజరుకి ఇస్త్రీ లేకుండానే గడప దాటించావు."

అమ్మమ్మ ఆగింది. మొహం ఎర్రబడింది. తాతయ్య పంజరాన్ని తన రెండో పక్కకి మార్చుకోబోయాడు. ఆమె ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుంది, ముసుగు పూర్తిగా తీసి భుజాన వేసుకుంది, పంజరం ఆ ఓనరు మొహం ముందుకి ఎత్తి పట్టుకుంది.

"ట్రయలుకి తీసుకెళ్తున్నా. ట్రయలు బట్టకి ఇస్త్రీ చేస్తారట్రా? కచ్చా కుట్లతోనే చూపించాలి. అన్నేళ్ళు నా దగ్గర ఏం నేర్చుకున్నావు నువ్వు?"

ఈ జవాబు ఆమె ముందే అనుకుని పెట్టుకున్నది కాదు. అన్నాక ఆమెకే నచ్చింది. అక్కణ్ణుంచి ఆసుపత్రి దాకా, మురికి పంజరం పూలబుట్టలా పట్టుకుని, మోకాళ్ళ సంగతి కూడా మరిచిపోయి నడిచింది. దారిలో అడగనివాళ్ళకి కూడా ట్రయలు అని చెప్పింది.

డాక్టరమ్మ వాళ్ళని కుక్కలున్న గదిలో కూర్చోబెట్టలేదు. వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి, పంజరం తలుపు తెరిచి అమ్మమ్మ పక్కనే పెట్టించింది. తను మాత్రం వాళ్ళకి వీపు పెట్టి బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నట్టు కూర్చుంది. ఎదురుగా మందుల బీరువా. దాని అద్దంలో ఆమెకి అంతా కనపడుతుంది. అమ్మమ్మ తెచ్చుకున్న పని ఆ జాకెట్టే. ఒళ్ళో వేసుకుని, కుట్టు తర్వాత కుట్టు, హుక్కు తర్వాత హుక్కు విప్పడం మొదలుపెట్టింది. ముందు కాలరు విప్పింది.

మేనేజరు చాలాసేపు పెన్సిలుగానే ఉన్నాడు. ఆ వీపు వైపు ఒక కన్ను, తలుపు వైపు ఒక కన్ను. గదిలో దారం తెగే చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడికి ఆ ఇంటికి వచ్చిన పూటనుంచీ తెలిసిన చప్పుడు. కొంతసేపటికి మెడమీద ఒక ఈక లేచింది. తర్వాత ఛాతీ మీద. చూస్తూ ఉండగానే గాలి కొట్టినట్టు ఉబ్బిపోయి, కళ్ళు అరమోడ్చి, దిండు అయ్యాడు. తోక ఆడటం మొదలైంది. బల్ల దగ్గర కలం ఆగింది. డాక్టరమ్మ అద్దంలోకి చూస్తూ, తల తిప్పకుండా, అలాగే కానివ్వండి అని మెల్లగా అంది.

ఆ తర్వాత కాగితం తీసి చూసుకుంది. అమ్మమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది, ఆ పిల్ల మాత్రం పచ్చటి మరకల్ని కిటికీ వెలుగులో పెట్టి, తిప్పి తిప్పి, నగ చూసినట్టు చూసింది. ఆ కాగితం పారేయకుండా తెచ్చినందుకు మెచ్చుకుంది కూడా. రెట్టకి మెప్పు రావడం అమ్మమ్మకి అదే మొదలు.

ఇక పట్టుకోవాలి. పట్టుకునే చెయ్యి మీది కాకూడదని డాక్టరమ్మ ముందే చెప్పింది. పట్టుకున్నవాళ్ళ మీద వాడు కోపం పెట్టుకుంటాడు, ఆ కోపం నాకు అలవాటే, మీరు నన్ను తిట్టండి, అయిపోయాక వాణ్ణి నా దగ్గర్నుంచి విడిపించుకోండి అంది. ఈ లోపు జాకెట్టు మళ్ళీ తువ్వాలు అయిపోయింది. ఒక మూల మాత్రం దారప్పోగు ఒకటి వేలాడుతోంది. అమ్మమ్మ ఆ మూల వాడి ముందు పట్టుకుంది. వాడు కళ్ళు తెరిచాడు. కాస్త ఆలోచించి, బద్ధకంగా పంజరంలోంచి దిగి, తువ్వాలు మీద నడుచుకుంటూ వచ్చి పోగు తుంచాడు. డాక్టరమ్మ తలమీదనుంచి కాక పక్కలనుంచి తువ్వాలు లేపి, వదులుగా చుట్టి, మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టింది. ఛాతీ బయటే ఉంది. వాడు ఒక్క అరుపు అరిచాడు. మొన్నటి అరుపు కాదు, గుండీ ఊడనప్పుడు అరిచే అరుపు.

తిట్టమన్నారు కాబట్టి అమ్మమ్మ తిట్టింది. "జేబు ఊడితే కుట్టుకోవడం చేతకాదు గానీ నా మేనేజరు మీద చెయ్యి వేస్తావా? ఏ పిల్లవే నువ్వు? ఆ తువ్వాలేమిటి, ఆ అంచులేమిటి, మీ ఇంట్లో సూది లేదా?" ఇంకా చాలా అంది. నటన అనుకుని డాక్టరమ్మ నవ్వుతూనే పని చేసుకుంది. తాతయ్యకి మాత్రం అందులో ఒక్క ముక్క కూడా నటన కాదని తెలుసు.

తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు సుయ్‌మంటుందే, ఛాతీలో ఆ చప్పుడు ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఊపిరితిత్తులకి సోకింది. మందు మొదలుపెడదాం, నిలబడతాడో లేదో ఇప్పుడే చెప్పలేను అంది. అమ్మమ్మ తిట్లు ఆపి చేతులు చాపింది. మేనేజరు ఆమె భుజమెక్కి, మెడలో మొహం దాచుకుని, అక్కణ్ణుంచి ఒక కంటితో డాక్టరమ్మని గుర్తుపెట్టుకున్నాడు.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో పరిగెత్తలేదు, పాకాయి. పొద్దునా సాయంత్రం అదే తువ్వాలు ఒళ్ళో పరిచి, ఒక పోగు చూపించి, ముక్కు పక్కనుంచి చుక్కలమందు వేసేది అమ్మమ్మ. వాడు సగం మింగి సగం ఆమె కళ్ళజోడు మీద విదిలించేవాడు. కాగితం ప్రతి పొద్దునా కిటికీ వెలుగులో పెట్టి చూడటం ఆమెకీ అలవాటైంది. కొలతలకి వచ్చినవాళ్ళకి కూడా చూపించబోయేది. మిషను అప్పుడప్పుడు తొక్కేది గానీ, చూపు కర్రమీదే ఉండటంతో ఆ చలికాలం కుట్టిన బట్టల్లో రెండు చొక్కాలకి చేతులు తారుమారయ్యాయి. ఆ సంగతి బయటికి పొక్కలేదు. ఇప్పుడు పొక్కుతోంది.

ఒక పూట ఎదురింటి టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. అడగాలా వద్దా అని నసుగుతూ కోటు అంది. కర్రమీద దిండు కాస్త కదిలింది. ఈకలు ఒక్కసారి విదుల్చుకుని, ఒక కాలు పైకి ముడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఎల్లుండి రండి."

కోటు చేతికి రాకపోయినా అంత సంతోషంగా ఆ గడప దిగిన మనిషి వీధిలో మరొకరు లేరు. అమ్మమ్మ తల వంచుకుని మిషను తొక్కింది, సూదిలో దారం లేదు.

ఇప్పటికీ మేనేజరు డాక్టరమ్మని చూస్తే పెన్సిలు అవుతాడు. ఆమె నొచ్చుకోదు. అమ్మమ్మ పంజరం కడగకుండా, కాగితం మార్చకుండా తీసుకెళ్తుంది, ట్రయలుకి. డాక్టరమ్మ తెల్లకోటు మాత్రం జేబు కుట్టడానికి దుకాణంలోనే ఉంది. ఆమె దాని సంగతి అడిగినప్పుడల్లా జవాబు మేనేజరే చెప్తున్నాడు. మొన్న అమ్మమ్మ గోడ పట్టుకుని లేస్తుంటే తాతయ్య సూది తీసి, ఈసారి మోకాలికి ఇస్త్రీ చేయకుండా డాక్టరుకి చూపిద్దామా అన్నాడు. ఆమె విననట్టే ఊరుకుంది. మర్నాడు మాత్రం నలిగిన బట్టల్లోనే వెళ్ళి, ఆసుపత్రి గోడ కూడా పట్టుకుని, ఎక్కడెక్కడ నొప్పో డాక్టరుకి వేలుపెట్టి చూపించింది. విటమిను బిళ్ళలు కాకుండా వేరే మందులు తెచ్చుకుంది.

ఇదంతా నేను రాసి చదివి వినిపిస్తే అమ్మమ్మ మిషను తొక్కుతూనే విన్నది. నెమలి దగ్గర నవ్వలేదు. రెక్కలు సగం వరకే లేచిన చోట తొక్కడం ఆగింది, మళ్ళీ సాగింది. చొక్కా చేతులు తారుమారైన చోట కళ్ళజోడు మీదనుంచి ఒక చూపు చూసింది. అంతా అయ్యాక చెయ్యి చాపి కాగితాలు తీసుకుంది. చదవడానికి కాదు. గుడ్డ చూసినట్టు రెండు వేళ్ళ మధ్య నలిపి మందం చూసింది.

"బడి మధ్యలో మానేసినదానికి ఇన్ని మాటలు ఎక్కడివే? కాగితం మాత్రం దళసరిగా బాగుంది. తీసుకెళ్ళి మేనేజరు పంజరంలో వెయ్. రాసినవైపు కిందికి పెట్టు, తెల్లవైపు పైకి ఉంటేనే రెట్ట రంగు తెలుస్తుంది."